హెచ్-4 ఈఏడీ గెలిచింది సరే, దేని మీద గెలిచింది? చెవ్రాన్ పోయాక వీసా నిబంధనల బలాబలాలు

2025 అక్టోబర్ 14న అమెరికా సుప్రీంకోర్టు ‘సేవ్ జాబ్స్ యూఎస్‌ఏ’ కేసును విచారణకు తీసుకోలేదు. హెచ్-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములకు (హెచ్-4 వీసా వాళ్లకు) పనిచేసే అనుమతి (ఈఏడీ) ఇచ్చిన 2015 నాటి నిబంధన చెల్లదంటూ పదేళ్లకు పైగా సాగిన వ్యాజ్యం దాంతో ముగిసింది. హెచ్-4 మీద పనిచేసేవాళ్లలో అత్యధికులు భారతీయులు, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ‘ఇక ఢోకా లేదు’ అని ఊపిరి పీల్చుకోవడం సహజమే.

అయితే ఆ ధీమా సగమే సరైనది. సుప్రీంకోర్టు కేసును తీసుకోకపోతే కింది కోర్టు తీర్పు సరైనదని అన్నట్టు కాదు. వినడం లేదని చెప్పినట్టు, అంతే. అంటే ఇప్పటికి నిలిచి ఉన్నది వాషింగ్టన్‌లోని డీసీ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పు ఒక్కటే. అమెరికాలో ఇలాంటి అప్పీళ్ల కోర్టులు ఇంకా ఉన్నాయి, వాటిలో దేనికీ ఈ తీర్పును పాటించాల్సిన బాధ్యత లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది: ఆ కోర్టు ఏ కారణంతో నిబంధనను నిలబెట్టిందో, అదే కారణం రేపు ప్రభుత్వం దాన్ని ఎత్తివేయడానికీ దారి ఇస్తుంది. ఇది ఎలాగో తెలియాలంటే 2024 జూన్ 28న చెవ్రాన్ అనే పాత న్యాయసూత్రాన్ని కొట్టేసిన లోపర్ బ్రైట్ తీర్పు దగ్గరికి వెళ్లాలి.

హక్కు ఎక్కడ రాసి ఉంది?

అమెరికా వీసాల్లో ఏ హక్కయినా మూడు చోట్లలో ఒకచోట రాసి ఉంటుంది. మొదటిది కాంగ్రెస్ చేసిన చట్టం, అంటే 1952 నాటి ఇమిగ్రేషన్ అండ్ నేషనాలిటీ యాక్ట్, దానికి తర్వాత వచ్చిన సవరణలు. రెండోది ఆ చట్టం కింద హోంలాండ్ సెక్యూరిటీ శాఖ చేసే నిబంధన. దీనికి ముసాయిదాను ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రచురించాలి, జనం అభిప్రాయాలు తీసుకోవాలి, వాటికి జవాబు చెప్పాలి, అప్పుడు తుదిరూపం ఇవ్వాలి. మూడోది యూఎస్‌సీఐఎస్ (వీసా, గ్రీన్‌కార్డు దరఖాస్తులు చూసే సంస్థ) తన అధికారుల కోసం రాసుకునే పాలసీ మాన్యువల్. మన దగ్గర చట్టానికీ, దాని కింద వచ్చే రూల్స్‌కీ, శాఖ లోపల తిరిగే సర్క్యులర్‌కీ ఉన్న తేడా లాంటిదే ఇది.

హెచ్-1బీకి ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000 అన్నది చట్టంలో ఉంది. ఆరేళ్ల పరిమితీ, గ్రీన్‌కార్డు ఆలస్యమైతే ఆరేళ్లు దాటి పొడిగించుకునే వీలూ చట్టంలోవే. ఈ రెండోది 2000లో వచ్చిన ఏసీ21 చట్టం పుణ్యం. చదువయ్యాక ఏడాది ఓపీటీ (విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసే అనుమతి), స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సుల వాళ్లకు దానిపైన 24 నెలలు, హెచ్-4 ఈఏడీ, హెచ్-1బీ లాటరీ, ఇవన్నీ నిబంధనలు మాత్రమే. కాంగ్రెస్ వీటిని పేరుపెట్టి ఎక్కడా ఇవ్వలేదు. గ్రీన్‌కార్డు దరఖాస్తులో పిల్లల వయసు ఏ తేదీ నాటికి లెక్కకట్టాలన్నది ఇంకా కిందిమెట్టు, మాన్యువల్‌లో ఉంది.

నలభై ఏళ్లపాటు ఈ తేడాను పట్టించుకోవాల్సిన అవసరం మామూలు దరఖాస్తుదారుకు పెద్దగా రాలేదు. కారణం చెవ్రాన్.

నలభై ఏళ్ల చెవ్రాన్

1984లో సుప్రీంకోర్టు చెవ్రాన్ కేసులో తీర్పిచ్చింది. వివాదం గాలి కాలుష్యం గురించి. 1977 సవరణల్లో కాంగ్రెస్ ‘స్థిర కాలుష్య కారకం’ అన్న మాట వాడింది. అంటే ఫ్యాక్టరీలోని ఒక్కో బాయిలరా, ఫ్యాక్టరీ మొత్తమా? రీగన్ ప్రభుత్వంలోని పర్యావరణ సంస్థ ‘ఫ్యాక్టరీ మొత్తం ఒక్కటే’ అంది. అలా అయితే లోపల ఒక యంత్రం కాలుష్యం పెరిగినా మరోచోట తగ్గించి సరిపెట్టుకోవచ్చు. జస్టిస్ స్టీవెన్స్ రాసిన తీర్పు రెండు మెట్ల సూత్రం చెప్పింది. చట్టం స్పష్టంగా ఉంటే కోర్టు దాన్నే అమలు చేయాలి. స్పష్టత లేకపోతే, ఏజెన్సీ చెప్పిన అర్థం సహేతుకంగా ఉన్నంతవరకూ, న్యాయమూర్తికి వేరే అర్థం మెరుగ్గా తోచినా సరే, ఏజెన్సీ అర్థాన్నే ఒప్పుకోవాలి.

అప్పటి పర్యావరణ సంస్థ అధిపతి యాన్ గోర్సచ్. ఆమె కొడుకు నీల్ గోర్సచ్ ఇప్పుడు సుప్రీంకోర్టు న్యాయమూర్తి, చెవ్రాన్‌ను పడగొట్టినవాళ్లలో ముందువరసలో నిలిచిన మనిషి. చెవ్రాన్ మీద ఆయన తొలి పెద్ద దాడి 2016లో, పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టులో ఉండగా, ఒక ఇమిగ్రేషన్ కేసులోనే చేశారు. కోర్టు ఒకసారి చట్టానికి అర్థం చెప్పాక కూడా ఏజెన్సీ దాన్ని కాదని మరో అర్థం చెప్పగలగడం, దాన్ని నమ్ముకున్న దరఖాస్తుదారు మధ్యలో నలిగిపోవడం ఆయన అభ్యంతరం. ఈ సంగతి గుర్తుపెట్టుకోదగ్గది. ఎందుకంటే చెవ్రాన్ పతనాన్ని పరిశ్రమల విజయంగానే చాలామంది చూస్తారు. ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు చేతిలో ఓడినవాళ్లూ దశాబ్దాలుగా అదే గోడకు తల బాదుకున్నారు.

చేపల పడవ మీద పరిశీలకుడి జీతం

లోపర్ బ్రైట్ కేసు అట్లాంటిక్ తీరంలో హెర్రింగ్ చేపలు పట్టే న్యూజెర్సీ పడవలది. దానికి జంటగా రోడ్ ఐలండ్ పడవల రిలెంట్‌లెస్ కేసు నడిచింది. వేటను గమనించే పరిశీలకుల్ని పడవలో ఎక్కించుకోవాలని 1976 నాటి మాగ్నసన్-స్టీవెన్స్ చట్టం మత్స్య వ్యవహారాల ఏజెన్సీకి ఆదేశించే వీలిస్తుంది. ఆ పరిశీలకుడి జీతం ఎవరివ్వాలి? విదేశీ పడవల విషయంలో, పరిమిత వేట హక్కుల పథకాల విషయంలో, ఉత్తర పసిఫిక్ విషయంలో పడవ యజమానే భరించాలని చట్టం విడిగా చెప్పింది. అట్లాంటిక్ హెర్రింగ్ గురించి మౌనం. 2020లో ఏజెన్సీ ఆ మౌనాన్ని తనకు అనుమతిగా తీసుకుని, రోజుకు 710 డాలర్ల దాకా ఖర్చును యజమానుల మీద వేసింది. వాళ్ల రాబడిలో 20 శాతం వరకూ కోత పడవచ్చని ఏజెన్సీయే అంచనా వేసింది.

ఛీఫ్ జస్టిస్ రాబర్ట్స్ రాసిన తీర్పు చెవ్రాన్‌ను కొట్టేసింది. రిలెంట్‌లెస్‌లో 6-3, లోపర్ బ్రైట్‌లో 6-2. రెండోదాన్ని జస్టిస్ జాక్సన్ కింది కోర్టులో ఉండగా విన్నారు కాబట్టి తప్పుకున్నారు. తీర్పుకు ఆధారం 1946 నాటి అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ యాక్ట్, పొట్టిగా ఏపీఏ. చట్టపరమైన ప్రశ్నలన్నిటినీ సమీక్షించే కోర్టే తేల్చాలని అది సూటిగా చెబుతుంది. మాట అస్పష్టంగా ఉన్నా దానికి ఒక ఉత్తమమైన అర్థం ఉంటుందని, దాన్ని వెతకడం న్యాయమూర్తి పనేనని రాబర్ట్స్ అన్నారు. అసమ్మతి రాసిన జస్టిస్ కేగన్, కోర్టులు 18,000 సార్లకు పైగా ఉదహరించిన సూత్రాన్ని పెకలిస్తున్నారని హెచ్చరించారు.

చాలామంది చదవకుండా వదిలేసేవి ఈ తీర్పులోని మూడు మినహాయింపులు. వీసా కేసులు తిరిగేదంతా వీటి చుట్టూనే.

చెవ్రాన్ ఆధారంగా అంతకుముందు వచ్చిన తీర్పులు రద్దు కావు. చెవ్రాన్ వాడారన్న ఒక్క కారణంతో పాత కేసును తిరగదోడలేరు. ఇది మొదటిది. వాస్తవాల మీద, నైపుణ్యం మీద ఏజెన్సీ చెప్పేదానికి గౌరవం అలాగే ఉంటుంది, చట్టం అర్థం మీద మాత్రం దాని మాటకు ఒప్పించే శక్తి ఉన్నంతే విలువ. ఇది 1944 నాటి స్కిడ్‌మోర్ తీర్పు చెప్పిన కొలత: ఎంత లోతుగా ఆలోచించారు, తర్కం నిలుస్తుందా, ముందు చెప్పినదానికీ ఇప్పుడు చెప్పేదానికీ పొంతన ఉందా. మూడోది అన్నిటికన్నా పెద్దది. కాంగ్రెస్ తానే ‘ఈ విషయం మీరు నిర్ణయించండి’ అని ఏజెన్సీకి అధికారం అప్పగించి ఉంటే, ఆ అప్పగింతను గౌరవించడమే చట్టానికి ఉత్తమమైన అర్థం. అప్పుడు కోర్టు పని ఆ అధికారానికి ఎల్లలు గీయడం, ఏజెన్సీ కారణాలు చూపించిందా లేదా అని తేల్చడం.

ఈ మూడో మినహాయింపు బలం 2024 సెప్టెంబర్‌లోనే తెలిసింది. ఓవర్‌టైమ్ మినహాయింపుకు కనీస జీతం పెట్టే అధికారం కార్మిక శాఖకు ఉందని అయిదో సర్క్యూట్ మేఫీల్డ్ కేసులో తీర్పిచ్చింది. అప్పగింత చట్టంలోనే కనబడింది కాబట్టి. దానికి భిన్నంగా 2025 జనవరి 2న ఆరో సర్క్యూట్, ఇంటర్నెట్ కంపెనీల మీద టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన నెట్ న్యూట్రాలిటీ (అన్ని వెబ్‌సైట్లనూ సమానంగా అందించాలన్న) నిబంధనల్ని కొట్టేసింది. అక్కడ ప్రశ్న చట్టంలోని నిర్వచనం గురించి, దాని అర్థం చెప్పాల్సింది కోర్టే.

ఓపీటీ, హెచ్-4: అప్పగింత అనే రెండంచుల కత్తి

విద్యార్థి వీసా గురించి చట్టం చెప్పేది ‘కేవలం చదువు కోసం’ వచ్చిన వ్యక్తి అని. చదువు ముగిశాక మూడేళ్లు ఉద్యోగం చేయించడం ‘కేవలం చదువు’ ఎలా అవుతుందన్నది వాష్‌టెక్ అనే కార్మిక సంఘం వాదన. 2022 అక్టోబర్‌లో డీసీ సర్క్యూట్ దాన్ని తోసిపుచ్చింది. ఆ నిర్వచనం ఎవరికి వీసా ఇవ్వాలో చెబుతుందే తప్ప వచ్చాక ఎంతకాలం, ఏ షరతుల మీద ఉండాలో చెప్పదని, ఆ కాలాన్నీ షరతుల్నీ నిబంధనల ద్వారా నిర్ణయించే అధికారాన్ని చట్టంలోని మరో సెక్షన్ ప్రభుత్వానికే అప్పగించిందని కోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో ఆ కేసునూ వినలేదు.

సేవ్ జాబ్స్ యూఎస్‌ఏ అనేది సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ సంస్థలో హెచ్-1బీ వాళ్ల వల్ల ఉద్యోగాలు పోయాయని చెప్పే ఐటీ ఉద్యోగుల సంఘం. లోపర్ బ్రైట్ వచ్చిన ఐదు వారాలకే, 2024 ఆగస్టు 2న, డీసీ సర్క్యూట్ ఆ సంఘం అప్పీలును కొట్టేసింది. కారణం కొత్తదేమీ కాదు. వాష్‌టెక్ తీర్పు చెవ్రాన్ మీద కాక చట్టం మాటల మీదే నిలబడిందని, ‘కాలం, షరతులు’ అన్న అప్పగింత హెచ్-4కీ వర్తిస్తుందని చెప్పింది. 1986 చట్టంలో ఉన్న మరో వాక్యం కూడా ఇలాంటి అనుమతులకు అండగా నిలుస్తోంది. పనికి అనర్హుడైన విదేశీయుడు ఎవరో నిర్వచిస్తూ, ‘ఈ చట్టం గానీ అటార్నీ జనరల్ గానీ అనుమతించనివాడు’ అని కాంగ్రెస్ రాసింది. చట్టం విడిగా ఇవ్వని అనుమతిని కార్యనిర్వాహక శాఖ ఇవ్వవచ్చని కాంగ్రెస్ అనుకోకపోతే ఆ ‘గానీ’కి అర్థమే లేదు.

ఇక్కడే మెలిక. అనుమతి చట్టానికి ఉన్న ఒకే ఒక్క ఉత్తమ అర్థం నుంచి వస్తే, ఏ ప్రభుత్వం వచ్చినా మార్చలేదు. అప్పగించిన అధికారం నుంచి వస్తే, ఇచ్చిన చేతికి తీసుకునే హక్కూ ఉంటుంది. హెచ్-4 ఈఏడీ రెండో కోవది. బయటివాళ్ల దావా నుంచి దానికి గట్టి రక్షణ దొరికింది, ప్రభుత్వం మనసు మార్చుకుంటే మాత్రం ఆ రక్షణ పనికిరాదు. రుజువు కోసం దూరం పోనక్కర్లేదు. 2025 అక్టోబర్ 30న హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ఈఏడీ రెన్యువల్‌కు ఉన్న 540 రోజుల ఆటోమేటిక్ పొడిగింపును తాత్కాలిక తుది నిబంధనతో (ముందుగా అభిప్రాయాలు అడగకుండానే అమల్లోకి తెచ్చే రకం) తీసేసింది. ఆ రోజు నుంచి రెన్యువల్ వేసిన హెచ్-4 ఉద్యోగి, కొత్త కార్డు చేతికి రాకముందే పాతది ముగిస్తే, ఆ రోజే పని ఆపేయాలి. కాబట్టి గడువుకు ఆరు నెలల ముందే రెన్యువల్ వేయడం ఇప్పుడు తప్పనిసరి జాగ్రత్త.

పూర్తిగా ఎత్తివేయాలంటే అంత సులువు కాదు. ముసాయిదా, అభిప్రాయాలు, కారణాలు అన్నీ కావాలి. 2020 జూన్ 18న డాకా (చిన్నప్పుడే అమెరికా వచ్చి పత్రాలు లేకుండా ఉన్నవాళ్లకు రక్షణ ఇచ్చే విధానం) కేసులో సుప్రీంకోర్టు, ఒక విధానాన్ని నమ్ముకుని జీవితాలు కట్టుకున్నవాళ్ల గురించి ఆలోచించకుండా దాన్ని ఉన్నపళంగా రద్దు చేయకూడదని 5-4తో చెప్పింది. ఇల్లు కొన్నారు, పిల్లలు బడిలో ఉన్నారు, రెండో జీతం మీద అప్పు కడుతున్నారు, ఇలాంటి వివరాలు ముసాయిదా మీద వచ్చే అభిప్రాయాల్లో నమోదైతే ఏజెన్సీ జవాబు చెప్పక తప్పదు. ఒకే నమూనా లేఖను వేలమంది పంపడం కన్నా, అంకెలూ తేదీలూ ఉన్న వంద లేఖలు కోర్టులో ఎక్కువ పనిచేస్తాయి.

లాటరీకి పునాది ఎంత గట్టిది?

హెచ్-1బీ కోటా గురించి చట్టం ఒక్క వాక్యం చెబుతుంది: పిటిషన్లు దాఖలైన వరుసలో వీసాలు ఇవ్వాలి. అందులో లాటరీ మాట లేదు. ఒకేరోజు వేలకొద్దీ పిటిషన్లు వచ్చిపడితే వరుస ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు ఏజెన్సీ కనిపెట్టిన జవాబు లాటరీ. ఓరెగన్‌లోని ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు 2017లో వాకర్ మేసీ కేసులో దాన్ని సమర్థించింది, చెవ్రాన్ పద్ధతిలో. 2020 నుంచి ముందు ఎలక్ట్రానిక్ రిజిస్ట్రేషన్, ఎంపికైతేనే పిటిషన్. 2024 ఆర్థిక సంవత్సరానికి వచ్చిన రిజిస్ట్రేషన్లు దాదాపు 7 లక్షల 80 వేలు.

జీతాన్ని బట్టి ఎంపిక చేయాలన్న మొదటి ప్రయత్నం 2021 జనవరిలో జరిగింది. ఉత్తర కాలిఫోర్నియా కోర్టు అదే ఏడాది సెప్టెంబర్‌లో దాన్ని కొట్టేసింది. కానీ నిబంధన జారీ చేసినప్పుడు హోంలాండ్ సెక్యూరిటీ పదవిలో ఉన్న చాడ్ వుల్ఫ్ నియామకమే చట్టబద్ధం కాదన్న కారణంతో. అసలు ప్రశ్న, అంటే ‘దాఖలైన వరుస’ అన్న మాట జీతపు వరుసను ఒప్పుకుంటుందా అన్నది, తేలకుండానే ఉండిపోయింది. 2025 డిసెంబర్‌లో తుదిరూపం దాల్చి 2026 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన కొత్త నిబంధన లాటరీని ఉంచి బరువులు మార్చింది: నాలుగో జీతపు స్థాయి వాళ్ల పేరు నాలుగుసార్లు, మూడో స్థాయి మూడుసార్లు, రెండో స్థాయి రెండుసార్లు, మొదటి స్థాయి ఒక్కసారి.

దీన్ని సమర్థించే వాదన, రిజిస్ట్రేషన్ అంటే పిటిషన్ కాదని. ఎంపికయ్యాక వేసే పిటిషన్లకే వరుస వర్తిస్తుందని. వ్యతిరేక వాదన ఇంకా సూటిగా ఉంటుంది. నాలుగు జీతపు స్థాయిల సంగతి కాంగ్రెస్‌కు తెలుసు, వాటిని ఆ ఉద్యోగానికి ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న వేతనం లెక్కకట్టడానికి వేరే సెక్షన్‌లో తానే పెట్టింది, ఎంపికకు మాత్రం వాడలేదు. ‘మీరు నిర్ణయించండి’ అన్న అప్పగింత ఆ వాక్యంలో లేదు. చెవ్రాన్ లేని కోర్టులో ఈ రెండో వాదనే బలమైనది.

అయితే గెలిచేవాళ్లు ఒకటి ఆలోచించుకోవాలి. జీతపు బరువు ‘దాఖలైన వరుస’ కాకపోతే, చీటీలు తీయడం మాత్రం వరుస ఎలా అవుతుంది? ఆ వాక్యాన్ని అక్షరాలా చదివే న్యాయమూర్తి పాత లాటరీని కూడా వదలకపోవచ్చు. అప్పుడు మిగిలేది మొదట వచ్చినవారికి మొదట, అంటే ఏప్రిల్ 1 తెల్లవారుజామున పెద్ద లా ఫర్మ్‌లూ పెద్ద కంపెనీలూ గెలిచే పరుగు పందెం. చిన్న కన్సల్టెన్సీలో మొదటి ఉద్యోగం వెతుక్కునే కొత్త గ్రాడ్యుయేట్‌కు అది మేలు చేస్తుందని అనుకోలేం.

దావా ఎప్పుడు, ఎక్కడ, దేని మీద

ఏపీఏ దావాకు గడువు ఆరేళ్లు. 2024 జూలై 1న కార్నర్ పోస్ట్ కేసులో సుప్రీంకోర్టు, ఆ ఆరేళ్లు నిబంధన పుట్టిన రోజు నుంచి కాక ఫిర్యాదుదారుకు నష్టం జరిగిన రోజు నుంచి లెక్కించాలని చెప్పింది. నార్త్ డకోటాలో 2018లో తెరిచిన ఒక ట్రక్ స్టాప్, 2011 నాటి డెబిట్ కార్డు ఫీజు నిబంధనను సవాలు చేసిన కేసు అది. దీని ఫలితం ఏమిటంటే, ఎంత పాత వీసా నిబంధన అయినా నిన్న స్థాపించిన కంపెనీ లేదా సంఘం కోర్టుకు ఎక్కించగలదు. ఓపీటీ, హెచ్-4 నిబంధనల్ని డీసీ సర్క్యూట్ బయట మరో కోర్టులో ఎవరైనా మళ్లీ సవాలు చేసే వీలు ఈ తీర్పుతో పెరిగింది.

హెచ్-1బీ తిరస్కరణ విషయంలో పొరపాట్లు ఎక్కువగా జరిగేది కోర్టులో కాదు, అంతకుముందు. అదనపు ఆధారాలు అడుగుతూ వచ్చే ఆర్‌ఎఫ్‌ఈకి గరిష్ఠంగా 84 రోజుల గడువు ఉంటుంది. కోర్టు చూసేది ఏజెన్సీ ముందు ఉన్న ఫైలునే. అప్పుడు పెట్టని ప్రొఫెసర్ లేఖను, ఉద్యోగ బాధ్యతల వివరణను తర్వాత కోర్టులో పెడతామంటే సాధారణంగా ఒప్పుకోరు. హెచ్-1బీకి అర్హమైన ‘స్పెషాలిటీ ఆక్యుపేషన్’ అంటే ఏమిటో చట్టమే నిర్వచించింది కాబట్టి, ఆ నిర్వచనంలోని మాటల్ని ఎత్తి చూపి, అధికారి వాటిని చట్టం కన్నా ఇరుకుగా చదువుతున్నారని ఆర్‌ఎఫ్‌ఈ జవాబులోనే రాయాలి. లోపర్ బ్రైట్ ఉపయోగపడేది ఆ పేరా ఫైల్లో ఉన్నవాళ్లకే. తిరస్కరణ వచ్చాక ఏజెన్సీ లోపలి అప్పీలుకు ఐ-290బీ ఫారం వేయాలంటే 30 రోజులు, తపాలాలో వచ్చిన నోటీసుకు 33. కానీ ఆ అప్పీలు ఐచ్ఛికం, 1993 నాటి డార్బీ తీర్పు ప్రకారం నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్లవచ్చు. దావా వేశాక ప్రభుత్వం జవాబివ్వడానికి 60 రోజులు. చాలాసార్లు ఆ 60 రోజుల్లోనే యూఎస్‌సీఐఎస్ కేసును తిరిగి తెరుస్తుంది.

కొన్ని తలుపులు మాత్రం లోపర్ బ్రైట్‌తో కూడా తెరుచుకోవు. ఆమోదించిన పిటిషన్‌ను తర్వాత రద్దుచేసే అధికారం ప్రభుత్వ విచక్షణకు వదిలేసినదని, దాన్ని కోర్టులు సమీక్షించలేవని 2024 డిసెంబర్ 10న బొవార్ఫా కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. అది పెళ్లి ఆధారంగా వేసిన పిటిషన్. అయినా అదే సెక్షన్ ఉద్యోగ ఆధారిత ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) రద్దుకూ వర్తిస్తుంది. మార్గం మూసుకుపోలేదు. కొత్త పిటిషన్ వేసి, దాన్ని తిరస్కరిస్తే ఆ తిరస్కరణను సవాలు చేయవచ్చు, తిరస్కరణ విచక్షణ కాదు కాబట్టి. విదేశాల్లోని కాన్సులేట్ వీసా నిరాకరిస్తే పరిస్థితి ఇంకా కఠినం. భార్య లేదా భర్త అమెరికా పౌరులైనా సరే, దాన్ని కోర్టులో ప్రశ్నించే దారి దాదాపు లేదని 2024 జూన్ 21న మున్యోజ్ తీర్పు తేల్చింది. హైదరాబాద్‌ కాన్సులేట్ వీసాను ఆపుతూ ఇచ్చిన 221(జీ) కాగితానికి లోపర్ బ్రైట్ మందు కాదు.

ఒకే మాట, రెండేళ్లన్నరలో రెండు అర్థాలు

కొత్త సూత్రానికి అసలు పరీక్ష పిల్లల వయసు కేసుల్లో ఉంది. గ్రీన్‌కార్డు వరుసలో తల్లిదండ్రులు ఉండగా పిల్లలకు 21 నిండితే కుటుంబం నుంచి విడిపోతారు. భారతీయుల వరుస దశాబ్దాల పొడవుంది, ఎందుకంటే ఏ దేశానికీ మొత్తంలో 7 శాతం మించకూడదని చట్టం. నాలుగో ఏట అమెరికా వచ్చి అక్కడే చదివిన అమ్మాయి 21వ పుట్టినరోజున కొత్త వీసా వెతుక్కోవాల్సి రావడం ఈ వ్యవస్థలోని అత్యంత క్రూరమైన ఫలితం.

2002 నాటి చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ దీనికి కొంత ఊరట. లెక్క ఇది: వీసా నంబరు ‘అందుబాటులోకి వచ్చిన’ తేదీ నాటి వయసులోంచి, ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేయాలి. మిగిలింది 21 లోపు ఉండాలి, ఆ తేదీ నుంచి ఏడాదిలోగా గ్రీన్‌కార్డు కోసం ప్రయత్నం మొదలుపెట్టాలి. ఎవరి వంతు ఎప్పుడో చెబుతూ విదేశాంగ శాఖ నెలనెలా ఇచ్చే వీసా బులెటిన్‌లో రెండు చార్టులు ఉంటాయి. ‘డేట్స్ ఫర్ ఫైలింగ్’ ముందుగా కరెంట్ అవుతుంది (అంటే మీ వంతు వస్తుంది), ‘ఫైనల్ యాక్షన్ డేట్స్’ ఆలస్యంగా. అందుబాటులోకి రావడం అంటే ఏ చార్టు? 2023 ఫిబ్రవరి 14న యూఎస్‌సీఐఎస్ మాన్యువల్ మార్చి, ఫైలింగ్ చార్టు వాడుతున్న నెలల్లో అదే లెక్క అంది. 2025 ఆగస్టు 15 నుంచి మళ్లీ వెనక్కి, ఫైనల్ యాక్షన్ చార్టే లెక్క అంది. అప్పటికే పెండింగ్‌లో ఉన్న దరఖాస్తులకు మాత్రం పాత పద్ధతి ఉంచింది.

ఉదాహరణకు, ఫైలింగ్ చార్టు కరెంట్ అయిననాటికి కొడుకు వయసు 20 ఏళ్ల 8 నెలలు, ఫైనల్ యాక్షన్ నాటికి 21 ఏళ్ల 9 నెలలు, ఐ-140 పెండింగ్ 190 రోజులు అనుకుందాం. మొదటి లెక్కలో వయసు సుమారు 20 ఏళ్ల 2 నెలలు, సురక్షితం. రెండో లెక్కలో సుమారు 21 ఏళ్ల 3 నెలలు, వరుసలోంచి అవుట్. ఐ-140కి ప్రీమియం ప్రాసెసింగ్ ఫీజు కట్టి 15 పనిదినాల్లో ఆమోదం తెచ్చుకున్న కుటుంబానికి తీసివేయడానికి మూడు వారాలే మిగులుతాయి. ప్రీమియం వల్ల ప్రయారిటీ తేదీ (వరుసలో మీ చోటును నిర్ణయించే తేదీ) ముందుకు జరగదు కాబట్టి, టీనేజీ పిల్లలున్నవాళ్లు వేరే అవసరం లేకపోతే ఆ ఫీజు కట్టకపోవడమే మంచిది.

చట్టపరంగా కొత్త విధానం బలహీనంగా కనిపిస్తుంది. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485ను వీసా ‘వెంటనే అందుబాటులో’ ఉన్నప్పుడే తీసుకోవాలని మరో సెక్షన్ చెబుతుంది. ఫైలింగ్ చార్టు మీద దరఖాస్తు తీసుకున్నప్పుడు వీసా అందుబాటులో ఉన్నట్టే ఏజెన్సీ నడుచుకుంటోంది. అదే రోజు పిల్లల వయసు లెక్కకు వచ్చేసరికి అందుబాటులో లేదంటోంది. ఇది మాన్యువల్ మాత్రమే, నిబంధన కూడా కాదు. చట్టంలో ఇక్కడ అప్పగింత లేదు. స్కిడ్‌మోర్ కొలతలో పొంతన అన్నది ఒక ప్రమాణం, రెండేళ్లన్నరలో రెండుసార్లు మారిన అర్థానికి ఆ ప్రమాణంలో మార్కులు పడవు. విదేశాంగ శాఖతో ఒకేలా ఉండాలన్నది ఏజెన్సీ చెప్పిన కారణం. పాలనకు అది సౌకర్యమే, చట్టం మాటకు అర్థం చెప్పే ఆధారం మాత్రం కాదు.

రెండు అడ్డంకులున్నాయి. 2014 నాటి క్వేయార్ డి ఓసోరియో తీర్పు, వయసు దాటిన పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రుల ప్రయారిటీ తేదీ దక్కదని చెవ్రాన్ ఆధారంగానే చెప్పింది. లోపర్ బ్రైట్ మొదటి మినహాయింపు వల్ల అది అలాగే నిలుస్తుంది. అప్పుడు ఫలితంతో ఏకీభవించి, చెవ్రాన్ వాడిన తీరుతో విభేదించింది ఛీఫ్ జస్టిస్ రాబర్ట్సే. రెండోది, 2022 నాటి పటేల్ తీర్పును పట్టుకుని పలు అప్పీళ్ల కోర్టులు ఐ-485 వ్యక్తిగత తిరస్కరణల మీద దావాలు వినడం మానేశాయి. అందుకే దావాను ఒక్క అబ్బాయి తిరస్కరణ నోటీసు మీద కాక, అందరికీ వర్తించే 2025 విధానం మీద గురిపెట్టాలి. ఈ రెండూ వేరన్న సంగతిని కొన్ని కోర్టులు గుర్తించాయి.

కోర్టు తేల్చేదాకా ఇంట్లో చేసుకోవాల్సిన పని ఉంది. ఐ-140 రసీదు, ఆమోదం నోటీసులు రెండూ తీసి మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టి రాసిపెట్టుకోవాలి. ప్రతి నెలా బులెటిన్‌తోపాటు యూఎస్‌సీఐఎస్ ఆ నెల ఏ చార్టును ఒప్పుకుంటోందో చూడాలి. ఫైలింగ్ చార్టు తెరిచిన మొదటి నెలలోనే పిల్లల ఐ-485 కూడా కలిపి వేయాలి. ఫైనల్ యాక్షన్ తేదీ కరెంట్ అయ్యాక ఏడాది గడువు మొదలవుతుంది, తేదీ మళ్లీ వెనక్కి జరిగిందని ఆగిపోకూడదు. లెక్కలో పిల్ల వయసు దాటిపోయిందని తెలిసినా దరఖాస్తు వేసి, చట్టం మాట ఆధారంగా మీ వాదనను కవరింగ్ లెటర్‌లో పెట్టించాలి. రేపు విధానం కూలితే, ఫైల్లో దరఖాస్తు ఉన్న పిల్లల సంగతే ముందు చూస్తారు.